స్పిన్ లేని జింక్ కలిపితే స్పిన్‌లు వరుసలోకొచ్చాయి!

ఫోన్ చిప్‌లో సిలికాన్‌కి డోపింగ్ ఎందుకో బీటెక్‌లో చదివాం. అదే పని కాపర్ జర్మనేట్‌కి చేస్తే ఇంకా వింత. ఇందులో కాపర్ అయాన్లు గొలుసుల్లా ఉంటాయి. 14 కెల్విన్ కిందకి చల్లబరిస్తే పక్కపక్క స్పిన్‌లు జతకట్టి ఒకదాన్నొకటి క్యాన్సిల్ చేసుకుంటాయి. అయస్కాంత క్రమం అసలుండదు. 1993లో జపాన్ పరిశోధకులు ఈ సంగతి బయటపెట్టారు.

ఇప్పుడు కొద్ది శాతం కాపర్ తీసేసి జింక్ పెట్టండి. జింక్‌కి స్పిన్ లేదు, కాబట్టి మాగ్నెటిజం ఇంకా తగ్గాలి కదా? నేనూ అలాగే అనుకున్నా. కానీ జింక్ కూర్చున్నచోట జత విడిపోయి ఒక స్పిన్ ఒంటరిగా మిగులుతుంది. దాని ప్రభావం చుట్టుపక్కల అయాన్ల దాకా పాకుతుంది. అలాంటివన్నీ ఒకదానితో ఒకటి కలిసి, సుమారు 5 కెల్విన్ లోపు స్పిన్‌లు ఒకటి పైకి, ఒకటి కిందకి సర్దుకుంటాయి. అదే యాంటీఫెరోమాగ్నెట్ (ఫ్రిజ్‌కి మాత్రం అతుక్కోదు!). డోపింగ్ తక్కువైతే పాత జతలూ పూర్తిగా పోవు, రెండూ ఒకే క్రిస్టల్‌లో ఉంటాయి.