దీర్ఘకాలిక నడుంనొప్పి – తీవ్రవ్యాధి సూచనలు: పాలకొల్లు శ్రామికజీవన నేపథ్యం

వ్యాససంగ్రహం:
వంగి చేసే పని అధికంగా ఉన్న ప్రాంతాల్లో నడుంనొప్పిని వ్యాధిలక్షణంగా కాక, వృత్తిలో భాగంగా భావిస్తారు. ఆ భావన చాటున మరుగునపడే తీవ్రవ్యాధులను, ప్రధానంగా వెన్నెముక క్షయను, గుర్తించే ఆధారాలను ఈ వ్యాసం వివరిస్తుంది.

కీలకపదాలు: నడుంనొప్పి, వెన్నెముక క్షయ, గోదావరి డెల్టా, పాలకొల్లు, ప్రమాదసూచనలు.

1. ఉపోద్ఘాతం:
పాలకొల్లు పరిసరాల్లో సార్వా, దాళ్వా పంటల ఊడ్పులు, కలుపుతీత, కొబ్బరికాయల ఒలుపు, బస్తాల మోత అనేక కుటుంబాలకు జీవనాధారాలు. ఈ పనుల వల్ల కలిగే నొప్పి శ్రమతో పెరిగి, విశ్రాంతితో తగ్గుతుంది. ఎక్కువమందిలో కొన్ని వారాల్లోనే నెమ్మదిస్తుంది. నడుంనొప్పితో వైద్యుని వద్దకు వెళ్లేవారిలో అత్యధికులకు ప్రమాదకరమైన కారణం ఉండదు. మిగిలిన కొద్దిమందిని వేరుచేసి గుర్తించడమే అసలు సమస్య. ఇందుకు నొప్పి తీవ్రత ప్రమాణం కాదు. డిస్కు జారినప్పుడు నొప్పి భరించరానిదిగా ఉండవచ్చు. క్షయలో అది నెలల తరబడి మందంగానే సాగవచ్చు. ఊడ్పులు ముగిసిన తరువాత కూడా నొప్పి కొనసాగుతున్నదా, విశ్రాంతిలోనూ బాధిస్తున్నదా అన్నవే పరిశీలించవలసిన అంశాలు.

2. వెన్నెముక క్షయ:
వెన్ను వంగి, కాళ్లు చచ్చుబడే ఈ వ్యాధిని 1779లో ఆంగ్ల శస్త్రవైద్యుడు పెర్సివల్ పాట్ వర్ణించాడు. క్షయ సూక్ష్మజీవిని రాబర్ట్ కోచ్ 1882లో వెల్లడించాడు. ఈ సూక్ష్మజీవులు రక్తం ద్వారా వెన్నుపూసలను చేరి ఎముకను క్రమంగా తినివేస్తాయి. పూస కుంగితే గూని ఏర్పడుతుంది. చీము వెన్నుపామును ఒత్తితే కాళ్లు పట్టుతప్పుతాయి. రోగికి దగ్గు ఉండకపోవచ్చు కనుక క్షయ అన్న అనుమానమే రాదు. తొలిదశలో ఎక్స్‌రే సాధారణంగా కనిపించవచ్చు; ఎమ్మారై మార్పులను ముందుగా చూపుతుంది.

3. ప్రమాదసూచనలు:
అ) సాయంకాలపు జ్వరం, రాత్రి చెమటలు, ఆకలి మందగించడం, బరువు తగ్గడం – క్షయ.
ఆ) యాభై ఏళ్లు దాటాక కొత్తగా మొదలై తగ్గని నొప్పి, గతంలో క్యాన్సర్ – ఎముకకు పాకిన క్యాన్సర్ లేదా మైలోమా.
ఇ) యువకుల్లో ఉదయం అరగంటకు మించిన బిగుసుదనం, కదిలితే ఉపశమనం – వెన్నెముక వాతం.
ఈ) మూత్రం బిగిసిపోవడం, మలమూత్రాలపై అదుపు తప్పడం, తొడల నడుమ తిమ్మిరి – నరాలు నలుగుతున్నాయనడానికి గుర్తు. ఆ రోజే ఆసుపత్రికి చేరాలి.
వీటిలో ఒక్కటి కనిపించినంత మాత్రాన వ్యాధి నిర్ధారణ కాదు. పరీక్ష అవసరమని మాత్రమే అర్థం.

4. జాప్యం – పర్యవసానం:
దినకూలీకి ఆసుపత్రి ప్రయాణమంటే ఒక రోజు వేతనం పోవడమే. అందువల్ల నొప్పిమాత్రలతో కాలం గడుస్తుంది. వ్యాధి నిర్ధారణ లేకుండా వాడే స్టెరాయిడ్లు నొప్పిని తాత్కాలికంగా కప్పి, రోగనిరోధకశక్తిని తగ్గించి, క్షయను మరింత విజృంభింపజేస్తాయి.

5. ముగింపు:
క్షయ మందులు ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఉచితంగా లభిస్తాయి. వెన్నెముక క్షయకు చికిత్స సుమారు ఏడాదిపాటు సాగుతుంది. నొప్పి తగ్గిందని మధ్యలో మానరాదు. గూని ఏర్పడకముందే మొదలైన చికిత్స మనిషిని తిరిగి పొలానికి పంపగలదు. అందుచేత నడుంనొప్పి రోగిని ‘ఎంత నొప్పి?’ అని అడగడంతో సరిపెట్టక, ‘పని లేని రోజున ఎలా ఉంటున్నది?’ అని కూడా విచారించాలి.