రైతుకు గ్రంథాలయంతో పనేమిటి?



ఇంటిపన్ను రసీదు ఎప్పుడైనా నిదానంగా చూచారా? అందులో గ్రంథాలయ పన్ను అని ఒక చిన్న పద్దు ఉంటుంది. రూపాయి పన్నుకు 8 పైసలు. 1960వ సంవత్సరపు ప్రజా గ్రంథాలయాల చట్టం క్రింద మనం కట్టే సొమ్ము అది. మచిలీపట్నంలో, గుడివాడలో, అవనిగడ్డలో ఉన్న గ్రంథాలయాలలో మన పైసలూ ఉన్నవన్నమాట. డబ్బు చెల్లించి సరుకు కొట్లోనే వదిలి వచ్చే రైతు ఉంటాడా? గ్రంథాలయం విషయంలో మనం చేస్తున్నది అదే.

1935లో పాతూరి నాగభూషణం గారు కృష్ణ పశ్చిమ డెల్టా కాలువలో పడవ మీద పుస్తకాలు పెట్టి గట్టువెంట ఊళ్ళకు పంపించారు. అప్పుడు పుస్తకమే మన రేవుకు వచ్చింది. ఇప్పుడు మనం నాలుగడుగులు వేస్తే చాలు.

"పరీక్షలు వ్రాసే పిల్లలకు గాని మాకక్కడ పనేమిటండీ?" అంటారేమో. ఒక సంగతి చెబుతాను.

కోడూరు వైపు ఒక పెద్దాయన చేను సముద్రానికి దగ్గర. నాటిన కొద్దిరోజులకే వరి ఆకుల కొసలు మాడిపోయినవి. ఎవరో జిప్సం వేయమన్నారట. అప్పుచేసి కొనడానికి బయలుదేరి, అవనిగడ్డలో నాకు కనిపించాడు. ఇద్దరం గ్రంథాలయంలో కూర్చున్నాం. ఆయనకు చదువు రాదు గనుక చౌడు నేలల పుస్తకం నేనే పైకి చదివాను.

చౌడు రెండు రకాలు. పాలచౌడులో ఉప్పు తెల్లగా పైకి తేలుతుంది. ఇ.సి. అనే లవణ సూచిక 4 దాటుతుంది. మంచినీరు నిలగట్టి, ఉప్పును కరిగించి, మురుగుబోదెలోకి తీసివేయడమే దీనికి వైద్యం. కారుచౌడులో ఉదజని సూచిక 8.5 దాటుతుంది. జిప్సం పనిచేసేది దీనికి.

"అయితే మనది ఏ చౌడండీ?" అన్నాడాయన. ఆ జవాబు పుస్తకంలో ఉండదు, మట్టి పరీక్షలో ఉంటుంది. పరీక్ష చేయిస్తే పాలచౌడని తేలింది. జిప్సానికి తెచ్చిన డబ్బుతో బోదె పూడిక తీయించుకొన్నాడు. ఒక్క ఏడాదిలో చౌడు పోదు. కాని అప్పు సొమ్ము మాత్రం మట్టిపాలు కాలేదు.

ఇక ఏ పుస్తకాలు అడగాలి? మొదట వ్యవసాయ విశ్వవిద్యాలయం ఏటేటా వేసే వ్యవసాయ పంచాంగం. రెండవది, వ్యవసాయ మాసపత్రికల నిరుటి సంచికలు. నిరుడు ఇదే నెలలో ఏ తెగులు వచ్చిందో చూస్తే ఈ నెల జాగ్రత్త తెలుస్తుంది. మూడవది, నేలలు, నీటి పారుదల గురించిన పుస్తకం.

ఒక హెచ్చరిక. పుస్తకం తెరవగానే అచ్చయిన సంవత్సరం చూడండి. నేల గురించిన మాట పాతదైనా నిలుస్తుంది, పురుగుమందు పేరు నిలవదు. ఎండోసల్ఫాన్‌ను 2011లో సుప్రీంకోర్టు నిషేధించింది. పాత పుస్తకంలో మాత్రం ఆ పేరు అలాగే ఉంటుంది. అనుమానం వస్తే కాగితం మీద వ్రాసుకొని ఘంటసాల కృషి విజ్ఞాన కేంద్రంలోనో, మచిలీపట్నం వ్యవసాయ పరిశోధనా స్థానంలోనో అడగండి.

విస్తరణ కార్యకర్తలకూ ఒక మాట. ఏటా నవంబరు 14 నుండి 20 వరకు గ్రంథాలయ వారోత్సవాలు. 1977లో దివిసీమను ఉప్పెన ముంచిన నవంబరు 19 ఆ వారంలోనే వస్తుంది. వరి కోతకు వచ్చే రోజులూ అవే. ఆ సాయంత్రం రైతులను గ్రంథాలయానికి పిలవండి. ఉప్పెన చూచిన పెద్దలచేత నాలుగు మాటలు చెప్పించండి. తుఫాను జాగ్రత్తలు పైకి చదివి వినిపించండి. పనలు తడిస్తే గింజ మొలకెత్తకుండా లీటరు నీటికి 50 గ్రాముల ఉప్పు కలిపి వాటిపై చల్లాలన్న ఒక్క మాట సమయానికి చెవిన పడితే, ఎంత ధాన్యం దక్కుతుందో ఆలోచించండి.

చదువు రానివారు చదివేవారిని వెంటబెట్టుకొని రండి. వచ్చేటప్పుడు మీ చేలో ఉన్న ప్రశ్న ఒక్కటి తెచ్చుకోండి.