అమ్మ ఫోన్ మోగుతుందా?

2022లో మన దేశంలో పిడుగుపాటుకు 2,887 మంది చనిపోయారు. జాతీయ నేర రికార్డుల బ్యూరో (ఎన్‌సీఆర్‌బీ) లెక్క ఇది. ప్రకృతి వైపరీత్యాల వల్ల ఆ ఏడాది పోయిన ప్రాణాలు మొత్తం 8,060. అంటే నూటికి దాదాపు 36 మంది పిడుగుకే బలయ్యారు. అంతకు ముందు ఏడాది కూడా ఇంతే, 2,880 మంది. సగటున రోజుకు ఎనిమిది మంది. ఒక్కచోట ఒక్కసారిగా పోయిన ప్రాణాలు కావు కాబట్టి జిల్లా పేజీలో చిన్న వార్తగా వచ్చి మరుగున పడిపోతాయి. వీళ్లలో ఎక్కువమంది పొలాల్లో, చెట్ల కింద, పశువుల వెంట ఉన్నవాళ్లు.

దీని పక్కన తుఫానును పెట్టి చూడండి. 1977 నవంబరు 19న దివిసీమను ఉప్పెన ముంచినప్పుడు కనీసం 10,000 మంది పోయారు. ఆనాడు కబురు ఊళ్లదాకా చేరే సరైన దారి లేదు. ఇప్పుడు అల్పపీడనం పుట్టిన దగ్గర్నుంచి, తీరం దాటే చోటూ వేళా రోజుల ముందే చెబుతున్నారు. పాఠశాలల్లో పునరావాస కేంద్రాలు తెరుస్తున్నారు, వేలమందిని ముందుగానే తరలిస్తున్నారు. తుఫాను విషయంలో కబురు గెలిచింది. పిడుగు విషయంలో ఇంకా గెలవలేదు. తుఫానుకు రోజుల వ్యవధి ఉంటుంది, పిడుగుకు ఉండేది నిమిషాలే. అంత తక్కువ సమయంలో కబురు మనిషిని చేరాలంటే అది అతని జేబులోని ఫోన్‌కే రావాలి.

వస్తుందా? ఆ ఫోన్ ఎలాంటిది, ఎవరిది, అందులో ఏది ఆన్‌లో ఉంది అన్నదాన్ని బట్టి ఉంటుంది.

ప్రభుత్వ హెచ్చరిక ఫోన్‌ను చేరే దారులు ముఖ్యంగా మూడు. మొదటిది ఎస్‌ఎంఎస్. ఫలానా టవర్ల పరిధిలో ఉన్న నంబర్లన్నిటికీ ఒక్కొక్కటిగా పంపుతారు. మనం ఎక్కడా పేరు నమోదు చేసుకోనక్కర్లేదు, బటన్ ఫోన్‌కైనా వస్తుంది. కానీ లక్షల నంబర్లకు వరసగా వెళ్లాలి కాబట్టి రద్దీలో ఆలస్యం కావచ్చు. పైగా బ్యాంకు మెసేజ్‌ల మధ్య, రీచార్జ్ ప్రకటనల మధ్య ఒక చిన్న శబ్దంతో వచ్చి పడుతుంది. పొలంలో ఉన్న మనిషి దాన్ని సాయంత్రం చూస్తాడు.

రెండోది సెల్ బ్రాడ్‌కాస్ట్. 2023లో జూలై నుంచి కొన్ని నెలలపాటు మన ఫోన్లు ఉన్నట్టుండి పెద్దగా మోగి, తెర నిండా ఒక మెసేజ్ కనిపించిన సంగతి చాలామందికి గుర్తుండే ఉంటుంది. టెలికాం శాఖ చేసిన పరీక్ష అది. దీనికి ఫోన్ నంబర్లతో పనే లేదు. టవర్ ఒక్కసారి చెబుతుంది, దాని కింద ఉన్న ఫోన్లన్నీ ఒకేసారి వింటాయి. పదిమంది ఉన్నా పదివేలమంది ఉన్నా సమయంలో తేడా రాదు. కాల్స్ కలవనంత రద్దీలోనూ ఇది పనిచేస్తుంది. నా దృష్టిలో పిడుగుకూ ఆకస్మిక వరదకూ సరిగ్గా సరిపోయే దారి ఇదే. ఆ పరీక్ష రోజుల్లో శబ్దానికి బెదిరి, ఫోన్ హ్యాక్ అయిందేమోనని కంగారుపడి, ఆ సెట్టింగును ఆపేసినవాళ్లు ఉంటే మాత్రం వాళ్ల ఫోన్ అసలు రోజున మోగకపోవచ్చు. ఆండ్రాయిడ్ ఫోన్‌లో సెట్టింగ్స్‌లోకి వెళ్లి ‘సేఫ్టీ అండ్ ఎమర్జెన్సీ’ తెరిస్తే ‘వైర్‌లెస్ ఎమర్జెన్సీ అలర్ట్స్’ కనబడుతుంది. అందులో అలర్ట్‌లన్నీ ఆన్‌లో ఉండాలి. కొన్ని కంపెనీల ఫోన్లలో ఇది వేరే చోట ఉంటుంది, సెట్టింగ్స్‌లో పైనున్న వెతుకు పెట్టెలో ‘ఎమర్జెన్సీ’ అని కొడితే దొరుకుతుంది. ఐఫోన్‌లో అయితే నోటిఫికేషన్స్ పేజీ అట్టడుగున చూడాలి.

మూడోది మనంతట మనం చేరాల్సిన దారి, యాప్. జాతీయ విపత్తు నిర్వహణ సంస్థ తెచ్చిన ‘సచేత్’ అన్ని రకాల హెచ్చరికలకూ పనికొస్తుంది. పుణెలోని వాతావరణ పరిశోధన సంస్థ ఐఐటీఎం తయారుచేసిన ‘దామిని’ పిడుగుల కోసమే. సచేత్‌లో ఒక మంచి వెసులుబాటు ఉంది. మీరున్న చోటికే కాక, మీకు కావలసిన మరో రాష్ట్రాన్నో జిల్లానో కూడా ఎంచుకుని అక్కడి హెచ్చరికలు తెప్పించుకోవచ్చు. కూకట్‌పల్లిలో ఉద్యోగం చేస్తూ, అమ్మానాన్నలను కోనసీమలో ఉంచిన కొడుక్కి ఇది చాలా విలువైన సంగతి. అతని ఫోన్ హైదరాబాద్ వాన గురించి చెప్పడం ఎంత అవసరమో, అమలాపురం గాలివాన గురించి చెప్పడం అంతకంటే అవసరం. వెంటనే ఇంటికి ఫోన్ చేసి ‘నాన్నా, పొలం నుంచి వచ్చేయ్’ అని చెప్పగలుగుతాడు.

దామిని తెరిస్తే మీ చుట్టూ 20 కిలోమీటర్లకు ఒక వృత్తం, 40 కిలోమీటర్లకు మరొకటి కనిపిస్తాయి. కాసేపటి క్రితం పిడుగులు ఎక్కడ పడ్డాయో అందులో గుర్తులు పడతాయి. లెక్క వేసి చూడండి. ఉరుముల మబ్బు గంటకు 40 కిలోమీటర్ల వేగంతో మీవైపు వస్తుంటే, 20 కిలోమీటర్ల వృత్తం అంచు నుంచి మీదాకా రావడానికి అరగంట. నాట్లు వేస్తున్న పదిమంది కూలీలు మడి దిగి, గట్టెక్కి, ఊళ్లోకి నడిచి వెళ్లడానికి అది చాలు. యాప్ లేకపోయినా చేతిలో ఇంకో లెక్క ఉంది. మెరుపు కనబడ్డ క్షణం నుంచి ఉరుము వినబడేదాకా సెకన్లు లెక్కపెట్టండి. శబ్దం కిలోమీటరు దూరం రావడానికి సుమారు 3 సెకన్లు పడుతుంది. 30 లోపే ఉరిమిందంటే పిడుగు 10 కిలోమీటర్ల లోపల ఉన్నట్టు, ఇక బయట ఉండకూడదు. చివరి ఉరుము విన్నాక మరో 30 నిమిషాలు లోపలే ఉండాలి. వాన వెలిసిందని వెంటనే బయటికి రావడం ప్రాణాంతకం.

ఈ యాప్‌లు వేసుకున్నవాళ్లు ఎక్కువగా చేసే తప్పు లొకేషన్ అనుమతి దగ్గర. ‘యాప్ వాడుతున్నప్పుడు మాత్రమే’ అన్నది నొక్కేస్తారు. అప్పుడు యాప్ మూసి ఉన్నంతసేపూ మీరెక్కడున్నారో దానికి తెలియదు. ‘ఎల్లప్పుడూ’ అన్నది ఎంచుకోవాలి. బ్యాటరీ సేవర్ కూడా యాప్‌ను నిద్రపుచ్చుతుంది, దాన్నుంచి ఈ రెండు యాప్‌లకూ మినహాయింపు ఇవ్వాలి.

అందరి చేతిలోనూ స్మార్ట్‌ఫోన్ ఉండదు, ఉన్నా గట్టు మీద సంచిలోనో చెట్టు కొమ్మకో ఉంటుంది. అందుకే గుంపుకు ఒక్క ఫోన్ అన్న పద్ధతి మేలని నా నమ్మకం. ఉపాధి పనుల దగ్గర 2023 జనవరి 1 నుంచి హాజరు స్మార్ట్‌ఫోన్ యాప్‌లోనే ఎక్కించాలన్న నిబంధన వచ్చింది. అంటే ఎండలో మట్టి తవ్వే ప్రతి చోటా, హాజరు వేసే మేట్ దగ్గర, కనీసం ఒక స్మార్ట్‌ఫోన్ ఉన్నట్టే. ఆ మేట్ ఫోన్‌లో దామిని కూడా ఉంచి, మబ్బు పట్టినప్పుడు చూడమని చెబితే పైసా ఖర్చు లేదు. మండల అధికారులు తలుచుకుంటే ఒక్క సమావేశంలో అయ్యే పని ఇది.

వచ్చిన కబురు అర్థమవుతుందా అన్నది ఇంకో ప్రశ్న. ఒక ఎస్‌ఎంఎస్‌లో ఇంగ్లిషు అక్షరాలైతే 160 పడతాయి. తెలుగైతే 70 మాత్రమే. అందులోనూ గుణింతాలకూ ఒత్తులకూ విడివిడిగా లెక్క కడతారు. ‘హెచ్చరిక’ మన కంటికి నాలుగక్షరాలు, ఫోన్‌కు ఎనిమిది. అందుకే తెలుగు మెసేజ్‌లు పొట్టిగా, సంఖ్యలతో నిండి ఉంటాయి. ఆ సంఖ్యలు తెలియకపోతే మెసేజ్ వచ్చీ రానట్టే.

వాతావరణ శాఖ భాషలో 24 గంటల్లో 64.5 మిల్లీమీటర్లు దాటితే భారీ వర్షం, 115.6 దాటితే అతి భారీ, 204.5 దాటితే అత్యంత భారీ. చదరపు మీటరు మీద ఒక మిల్లీమీటరు వాన అంటే ఒక లీటరు నీళ్లు. ఆ లెక్కన 204.5 మిల్లీమీటర్లు కురిస్తే నూరు గజాల స్థలం మీద సుమారు 17,000 లీటర్లు పడతాయి. మీ వీధిలోని ఇళ్లన్నిటితో దాన్ని హెచ్చవేసి, మీ కాలువ వెడల్పు తలుచుకోండి. అంత వానకు ఇచ్చే రెడ్ అలర్ట్ అంటే ఏమిటో అప్పుడు తెలుస్తుంది.

గోదావరి ఒడ్డున ఉన్నవాళ్లకు ఈ చదువు ముందే ఉంది. భద్రాచలం దగ్గర 43 అడుగులకు మొదటి ప్రమాద హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది. 2022 జూలైలో నీటిమట్టం 71.3 అడుగులకు చేరింది, 1986లో 75.6. ధవళేశ్వరం దగ్గర హెచ్చరికలు 10 లక్షలు, 13 లక్షలు, 17 లక్షల క్యూసెక్కులకు. కృష్ణ మీద ప్రకాశం బ్యారేజీకి మొదటిది 3.97 లక్షలు, రెండోది 5.69 లక్షలు. 2024 సెప్టెంబరు 2న అక్కడ 11.43 లక్షల క్యూసెక్కులు, అంటే సెకనుకు 3.2 కోట్ల లీటర్లకు పైగా దాటిపోయాయి. కానీ అదే సమయంలో విజయవాడ సింగ్‌నగర్ మునిగింది కృష్ణ వల్ల కాదు, బుడమేరు వాగు వల్ల. బ్యారేజీ అంకెలు మాత్రమే చూస్తూ కూర్చున్నవారికి ఇంటి వెనక వాగు సంగతి తెలియలేదు. పెద్ద నదికి గేజీ ఉంటుంది, చిన్న వాగుకు చాలాచోట్ల ఉండదు. అందుకే మీరున్న చోటు ఆధారంగా వచ్చే హెచ్చరికలకు ఫోన్‌ను సిద్ధం చేసుకోవాలి.

అమెరికాలో ఉన్న మనవాళ్లకు ఒక మాట. అక్కడ 2012 నుంచీ టవర్ ద్వారా దానంతట అదే వచ్చే డబ్ల్యూఈఏ హెచ్చరిక ఉంది. కానీ అది పంపాలా వద్దా అన్న నిర్ణయం అధికారులది. 2017 అక్టోబరులో కాలిఫోర్నియాలోని సొనోమా కౌంటీ, జనం ఒక్కసారిగా రోడ్డెక్కుతారన్న భయంతో దాన్ని పంపలేదు. పేర్లు నమోదు చేసుకున్నవారికి వెళ్లే సందేశాల మీద ఆధారపడింది. ఆ టబ్స్ కార్చిచ్చులో 22 మంది పోయారు. 2025 జూలై 4న టెక్సస్‌లోని కెర్ కౌంటీలో వాతావరణ సంస్థ ఆకస్మిక వరద హెచ్చరిక రాత్రి 1.14 గంటలకు వచ్చింది. అందరూ గాఢనిద్రలో ఉండే వేళ. గ్వాడలూపే నది 45 నిమిషాల్లో 26 అడుగులు పెరిగింది. రాష్ట్రం మొత్తం మీద 130 మందికి పైగా చనిపోయారు.

కాబట్టి కౌంటీ జాబితాలో కూడా పేరు ఉండాలి. శాంటా క్లారాలో అలర్ట్ ఎస్‌సీసీ, అలమీడాలో ఏసీ అలర్ట్, ఫెయిర్‌ఫాక్స్‌లో ఫెయిర్‌ఫాక్స్ అలర్ట్స్, ఆస్టిన్ చుట్టుపక్కల వార్న్ సెంట్రల్ టెక్సస్. ఇంటి చిరునామా, ఫోన్, ఈమెయిల్ ఇస్తే చాలు. ఆరు నెలలకని వచ్చిన అమ్మానాన్నలు పగలంతా ఇంట్లో ఒంటరిగా ఉంటారు. అక్కడి హెచ్చరిక ఇంగ్లిషులో వస్తుంది. వాళ్ల నంబరు కూడా నమోదు చేయండి. ఆ శబ్దం ఎలా ఉంటుందో ఒకసారి వినిపించి, అది రాగానే ఎవరికి ఫోన్ చేయాలో, ఏ పొరుగింటి తలుపు తట్టాలో చెప్పి ఉంచండి.

ఫోన్‌కూ ఒక హద్దుంది. 2014 అక్టోబరులో హుద్‌హుద్ తుఫాను విశాఖను తాకినప్పుడు సెల్ నెట్‌వర్క్ కుప్పకూలింది. తుఫాను కబురు ఉపయోగపడేది గాలి మొదలవకముందే. కదలమని వచ్చినప్పుడు కదలాలి, ఇంకో మెసేజ్ కోసం చూడకూడదు.

ఈ ఆదివారం ఊరికి వెళ్లినప్పుడు పెద్దవాళ్ల ఫోన్ ఒకసారి చేతిలోకి తీసుకోండి. ఎమర్జెన్సీ అలర్ట్స్ ఆన్‌లో ఉన్నాయో లేదో చూసి, సచేత్, దామిని వేసి, భాష తెలుగుకు మార్చే వీలుంటే మార్చండి. మీ ఫోన్‌లో వాళ్ల జిల్లాను చేర్చుకోండి. బటన్ ఫోన్ అయితే పక్కింటి కుర్రాడి స్మార్ట్‌ఫోన్‌లో ఈ ఏర్పాటు చేసి, వాళ్లకో మాట చెప్పమని అడగండి. ఆపదలో సాయానికి 112. ఆంధ్రప్రదేశ్ విపత్తుల నిర్వహణ సంస్థ కంట్రోల్ రూమ్ నంబర్లు 1070, 1800 425 0101. వీటిని పెద్ద అక్షరాల్లో రాసి గోడకు అంటించండి.