కంప్యూటర్‌లో విండోస్ మార్చాలా, వద్దా?

మా హాల్లో ఓ మూల కంప్యూటర్ ఒకటుంది. 2016లో మావాడు ఇంజనీరింగ్‌లో చేరినప్పుడు కొన్నాం. వాడి చదువు అయిపోయింది, ఉద్యోగం వచ్చింది, బెంగుళూరు వెళ్ళిపోయాడు. కంప్యూటర్ మాత్రం నా వాటాకి మిగిలింది. కరెంటు బిల్లు కట్టడం, ఊరగాయల రోజుల్లో ఎవరికి ఎన్ని కిలోలు పంపానో, ఎవరి దగ్గర్నించి ఎంత రావాలో రాసుకోవడం, అన్నీ దానిమీదే.

2025 అక్టోబర్ దగ్గర పడుతుంటే తెరమీద ఓ నోటీసు రావడం మొదలైంది. మీ విండోస్ 10కి గడువు ముగుస్తోంది అని దాని సారాంశం. మావారిని అడిగితే "శుభ్రంగా నడుస్తోంది కదా, దాని జోలికి వెళ్ళకు" అన్నారు. మావాడు ఫోన్లో "అమ్మా, అది పారేసి కొత్త లాప్‌టాప్ కొనుక్కో" అన్నాడు. కంప్యూటర్ షాపు అబ్బాయేమో "తెచ్చెయ్యండి ఆంటీ, సాయంత్రానికల్లా పదకొండు ఎక్కించేస్తా" అన్నాడు.

ముగ్గురూ మూడు దారులు చెప్పారు. అందులో ఏముంది అని మాత్రం ఒక్కరూ అడగలేదు!

అందులో మా అత్తయ్య వంటలున్నాయి. మామయ్యగారు స్కూలు టీచరుగా రిటైరయ్యాక, 2003లో ఓ పాత కంప్యూటర్ కొనుక్కుని తెలుగు టైపు నేర్చుకున్నారు. అత్తయ్య చెబుతూ ఉంటే ఆవకాయ నుంచి అరిసెల పాకం దాకా నూట ఇరవై వంటకాలు టైపు చేశారు. ఇప్పుడు ఇద్దరూ లేరు. ఆ ఫైళ్ళు మాత్రం కంప్యూటర్లు మారుతూ మా హాల్లోకి వచ్చి చేరాయి. అందుకే ఈ విషయాన్ని షాపు అబ్బాయికి వదిలెయ్యకుండా నేనే కూర్చుని తెలుసుకున్నాను. తెలిసినంత మీకూ చెబుతాను.

గడువంటే ఏమిటి?

వంటింట్లో స్టవ్వు, గిన్నెలు, సరుకులు అన్నీ ఉన్నా వండే మనిషి లేకపోతే అన్నం ఉడకదు. కంప్యూటర్‌లో ఆ మనిషి పేరే ఆపరేటింగ్ సిస్టమ్. మన ఇళ్ళల్లో ఎక్కువగా ఉండేది మైక్రోసాఫ్ట్ వారి విండోస్. 1995లో విండోస్ 95, 2001లో ఎక్స్‌పీ, 2009లో విండోస్ 7, 2015లో విండోస్ 10, 2021లో విండోస్ 11 వచ్చాయి. ప్రతిదానికీ ఓ ఆయుర్దాయం ఉంది. ఎక్స్‌పీకి 2014 ఏప్రిల్‌లో, విండోస్ 7కి 2020 జనవరిలో, విండోస్ 10కి 2025 అక్టోబర్ 14న ఆ ఆయుర్దాయం తీరిపోయింది.

తీరిపోయిందంటే మర్నాడు కంప్యూటర్ ఆగిపోతుందని కాదు. ఎప్పటిలాగే తెరుచుకుంటుంది, పని చేస్తుంది. అయితే ఎంత కట్టుదిట్టంగా తయారు చేసినా ఇలాంటి వాటిలో ఎక్కడో ఓ కన్నం బయటపడుతూనే ఉంటుంది. ఆ కన్నాలు పూడ్చడానికి కంపెనీ నెలనెలా సరిచేసిన భాగాలు పంపిస్తుంది. అప్‌డేట్ అంటే అదే. గడువు తీరాక ఆ పూడ్చే పని ఆగిపోతుంది. దొంగలు వెతకడం మాత్రం ఆపరు.

ఇదంతా ఉత్త భయం అనుకోకండి. 2017 మే నెలలో వానాక్రై అనే పురుగు ప్రపంచంలో నూట యాభైకి పైగా దేశాల్లో కంప్యూటర్లలోకి దూరింది. ఫైళ్ళన్నిటికీ తాళం వేసి, డబ్బు కడితేనే తీస్తానంది. మన ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖ కంప్యూటర్లు కొన్ని కూడా దాని బారిన పడ్డాయి. అది దూరిన కన్నానికి మైక్రోసాఫ్ట్ రెండు నెలల ముందే, మార్చిలోనే మందు పంపింది. వేసుకున్నవారు బయటపడ్డారు. వేసుకోనివారూ, గడువు తీరిన పాతవి వాడుతున్నవారూ చిక్కుకున్నారు.

కాబట్టి "నడుస్తోంది కదా" అన్న మావారి మాట సగమే నిజం. ఇంటర్నెట్ పెట్టకుండా ఉత్త లెక్కలు రాసుకునే కంప్యూటరైతే అలాగే ఉంచుకోవచ్చు. బ్యాంకు పనులు, ఈమెయిల్ ఉన్నచోట మాత్రం ఏదో ఒక ఏర్పాటు చేసుకోవలసిందే.

మీ కంప్యూటర్ పదకొండుకి పనికొస్తుందా?

అసలైన విండోస్ 10 ఉన్నవారికి విండోస్ 11 ఉచితమే. అయితే అన్ని కంప్యూటర్లనూ అది ఒప్పుకోదు. ర్యామ్ కనీసం 4 జీబీ, లోపల నిలవ చోటు 64 జీబీ ఉండాలి. ఇది కాగితం మీది లెక్క. సుఖంగా నడవాలంటే ర్యామ్ 8 జీబీ ఉండాలి. ఇంకా టీపీఎమ్ 2.0 అనే భద్రతా ఏర్పాటు, సెక్యూర్ బూట్ అనే సౌకర్యం కావాలి. ఇక ప్రాసెసర్. ఇంటెల్ వారిదైతే, బహు కొద్ది మినహాయింపులు తప్ప, ఎనిమిదో తరం నుంచి పైవాటినే ఒప్పుకుంటుంది.

తరం ఎలా తెలుస్తుందంటారా? సెట్టింగ్స్‌లో సిస్టమ్, అందులో ఎబౌట్ నొక్కండి. ప్రాసెసర్ పేరు కనిపిస్తుంది. మాది ఐ3-6100. గీత తరవాత ఆరు ఉంది కాబట్టి ఆరో తరం. అంటే పనికిరాదు! అదే ఐ5-8250 అని ఉంటే ఎనిమిదో తరం, ఐ5-10210 అని ఉంటే పదో తరం. ఈ తంటా అంతా ఎందుకనుకుంటే, పీసీ హెల్త్ చెక్ అని మైక్రోసాఫ్ట్ వారిదే ఓ చిన్న ప్రోగ్రాం ఉంది. పనికొస్తుందో లేదో, రాకపోతే ఎందుకు రాదో అదే చెబుతుంది.

పనికిరాదని చెప్పగానే దిగులు పడిపోకండి. మా తోటికోడలు కంప్యూటర్ 2020లో కొన్నది. దానికీ మొదట పనికిరాదనే వచ్చింది. "అక్కా, లక్షణమైన కంప్యూటర్‌ని మూల పడెయ్యాలా ఏమిటి?" అని ఒకటే బాధ. తీరా చూస్తే టీపీఎమ్ లోపల ఉంది కానీ ఆపేసి ఉంది. కంప్యూటర్ మొదలయ్యేటప్పుడు బయాస్‌లోకి వెళ్ళి దాన్ని ఆన్ చేస్తే సరిపోయింది. ఒక్క రూపాయి ఖర్చు లేకుండా పదకొండు ఎక్కింది, ఫైళ్ళన్నీ ఎక్కడివక్కడే ఉన్నాయి. నచ్చకపోతే పది రోజుల్లోపు మళ్ళీ పాతదానికి వెళ్ళే వీలు కూడా ఉంటుంది.

పనికిరాకపోతే దారులేమిటి?

మొదటిది, అదనపు గడువు. ఇళ్ళల్లో వాడే విండోస్ 10 కంప్యూటర్లకి భద్రతా అప్‌డేట్లు 2026 అక్టోబర్ 13 వరకు పంపుతామని మైక్రోసాఫ్ట్ ఓ ఏర్పాటు చేసింది. మైక్రోసాఫ్ట్ అకౌంట్‌తో లాగిన్ అయి, మన సెట్టింగులు వారి దగ్గర దాచుకోవడానికి ఒప్పుకుంటే అది ఉచితం. అలా ఇష్టం లేనివారికి 30 డాలర్ల రుసుము పెట్టారు. ఇది కాస్త ఊపిరి పీల్చుకునే వ్యవధి మాత్రమే, శాశ్వత పరిష్కారం కాదు.

రెండోది, లినక్స్. ఇది కూడా ఆపరేటింగ్ సిస్టమే, ఉచితం. అందులో లినక్స్ మింట్ అనే రకం చూడ్డానికి విండోస్‌లాగే ఉంటుంది, పాత కంప్యూటర్ల మీద కూడా తేలిగ్గా నడుస్తుంది. దీన్ని పెన్ డ్రైవ్‌లో పెట్టుకుని, కంప్యూటర్‌లో ఉన్నదేదీ చెరపకుండా రుచి చూడొచ్చు. ఉత్తరాలు, లెక్కలు రాసుకోవడానికి లిబ్రె ఆఫీస్ దాంతోపాటే వస్తుంది. అయితే విండోస్ కోసం తయారైన ప్రోగ్రాములు ఇందులో నేరుగా నడవవు. అలాంటివి మీకు తప్పనిసరైతే ఈ దారి కాదు.

మూడోది, కొత్తది కొనడం. పిల్లల చదువుకి ఎలాగూ కావాలనుకుంటే అదే మంచిది. నిదానంగా ఉందన్న ఒక్క కారణంతో మాత్రం కొనకండి. పాత హార్డ్ డిస్క్ తీసి ఎస్‌ఎస్‌డి వేయించి చూడండి. కుంటుతున్న కంప్యూటర్ లేచి పరుగెత్తుతుంది.

ఇక షాపుల్లో చెప్పే నాలుగో దారి ఒకటుంది. పనికిరాని కంప్యూటర్‌కి కూడా ఏదో ఉపాయం పన్ని పదకొండు ఎక్కించడం. నడిస్తే నడవచ్చు. కానీ అలాంటి వాటికి అప్‌డేట్లు వస్తాయన్న హామీ లేదని మైక్రోసాఫ్టే చెప్పింది. అప్‌డేట్ల కోసమే మార్పిడి చేస్తూ, అవి వస్తాయో రావో తెలియనిది పెట్టించుకోవడమేమిటి? ఇక దొంగ కాపీ అయితే చెప్పనే అక్కర్లేదు.

ఆవకాయ ఎక్కడికి పోయింది?

ఏ దారి పట్టినా ముందు ఫైళ్ళన్నీ వేరేచోట దాచుకోవాలని మావాడు మరీ మరీ చెప్పాడు. సరేనని అత్తయ్య వంటలు పెన్ డ్రైవ్‌లో పెట్టుకుని, తోటికోడలి కంప్యూటర్‌లో తెరిచి చూశాను. ఆవకాయ ఫైలు తెరిస్తే తెలుగు అక్షరం ఒక్కటి లేదు! అన్నీ పొంతన లేని ఇంగ్లీషు అక్షరాలు, బ్రాకెట్లు, కామాలు. నా గుండె ఆగినంత పనైంది. నూట ఇరవై వంటకాలూ అంతే.

ఇంటికి పరుగెత్తుకొచ్చి మా కంప్యూటర్‌లో తెరిస్తే శుభ్రంగా తెలుగులో ఉంది. అప్పటిగ్గానీ సంగతి అర్థం కాలేదు. యూనికోడ్ వాడుకలోకి రాకముందు తెలుగు ఫాంట్లు చాలావరకు ఇంగ్లీషు అక్షరాల స్థానంలో తెలుగు రూపాలు కూర్చి చేసినవే. లోపల ఉన్నది ఇంగ్లీషు అక్షరం, పైకి కనిపించేది తెలుగు. ఆ ఫాంటు ఉన్న కంప్యూటర్‌లో తెలుగు, లేనిచోట గందరగోళం. నేను దాచింది ఫైళ్ళని, ఫాంటుని కాదు. షాపు అబ్బాయి మాట విని పాతదంతా తుడిపించేసి ఉంటే ఏమయ్యేదో తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు జలదరిస్తుంది.

మీ ఇంట్లో కూడా ఇలా పెద్దవాళ్ళు టైపు చేసినవి, పాత ఉత్తరాలు, వంశవృక్షాలు ఉంటే ముందు ఈ పని చెయ్యండి. పాత కంప్యూటర్‌లోనే ఫైలు తెరిచి, ప్రింట్ నొక్కి, ప్రింటర్ పేరున్నచోట మైక్రోసాఫ్ట్ ప్రింట్ టు పీడీఎఫ్ అన్నది ఎంచుకోండి. పీడీఎఫ్‌లో అక్షరాల రూపాలు కూడా కలిసి వస్తాయి కాబట్టి ఎక్కడ తెరిచినా తెలుగే కనిపిస్తుంది. అయినా నమ్మకానికి ఓసారి వేరే కంప్యూటర్‌లో తెరిచి చూసుకోండి. ముఖ్యమైనవి కాగితం మీద కూడా ప్రింటు తీయించండి. ఫాంటు ఫైలు కూడా కాపీ చేసుకోండి. ఆ తరవాత తీరిగ్గా యూనికోడ్‌లో మళ్ళీ టైపు చేసుకోవచ్చు.

మేం ఏం చేశామంటే

ముందు అదనపు గడువు తీసుకున్నాం. ఆ వ్యవధిలో వంటలన్నీ పీడీఎఫ్ చేసి రెండు చోట్ల దాచాను. 2026 సంక్రాంతికి మావాడు వచ్చినప్పుడు ఎస్‌ఎస్‌డి వేసి లినక్స్ మింట్ పెట్టాడు. మొదటి వారం అన్నీ తడుముకున్నాను, పాత ప్రింటరు ఓ పూట మొరాయించింది. ఆ తరవాత అలవాటైపోయింది. నా ఊరగాయల లెక్కలకి ఏ లోటూ రాలేదు. మావారు కూడా దాంట్లోనే పేపరు చదువుకుంటున్నారు.

రోజుకి రెండేసి వంటకాలు యూనికోడ్‌లో టైపు చేస్తున్నాను. మాగాయ దగ్గర ఉప్పు కొలత రాసి, దాని పక్కనే మామయ్యగారు "ఇది నా లెక్క, ఆవిడ మాత్రం చేత్తోనే వేస్తుంది" అని రాసుకున్నారు. అన్నేళ్ళు ఆ ఫైలు మా ఇంట్లో ఉన్నా ఆ మాట నేనెప్పుడూ చదవలేదు!

గుర్తుంచుకోండి

* ఫోటోలు, ముఖ్యమైన ఫైళ్ళు ముందు బయటి డిస్క్‌లోకి కాపీ చెయ్యండి. కాపీ అయితే చాలదు, వేరే కంప్యూటర్‌లో తెరిచి చూడండి.

* మీ కంప్యూటర్‌లో బిట్‌లాకర్ తాళం ఉంటే దాని 48 అంకెల రికవరీ కీ కాగితం మీద రాసుకుని, బయాస్‌లో మార్పులు ఆ తరవాతే చెయ్యండి.

* విండోస్ 11లో 16-బిట్ కాలం నాటి పాత ప్రోగ్రాములు నడవవు. మీ లెక్కల ప్రోగ్రాం, ప్రింటరు పని చేస్తాయో లేదో ముందే కనుక్కోండి.

* మార్పిడి మధ్యలో కరెంటు పోతే చిక్కు. లాప్‌టాప్ అయితే ఛార్జర్ పెట్టే ఉంచండి, మామూలు కంప్యూటర్‌కి యూపీఎస్ ఉండాలి.

* "మైక్రోసాఫ్ట్ నుంచి మాట్లాడుతున్నాం, మీ విండోస్ గడువు తీరింది" అని ఎవరైనా ఫోన్ చేస్తే పెట్టెయ్యండి. కంపెనీ వాళ్ళు అలా ఇళ్ళకి ఫోన్లు చేయరు. వాళ్ళు చెప్పిన యాప్ పెట్టుకోకండి, ఓటీపీ చెప్పకండి. ఒకవేళ మోసపోతే వెంటనే 1930కి ఫోన్ చెయ్యండి.

* పాత కంప్యూటర్ ఎవరికైనా ఇచ్చేటప్పుడు, అమ్మేటప్పుడు డిస్క్ పూర్తిగా తుడిపించండి, లేదా తీసి మీ దగ్గరే ఉంచుకోండి.