స్పామ్ వడపోత: తప్పుగా ఆగిన ఉత్తరాలను రాబట్టుకోవడం

7.0 లక్ష్యాలు

ఈ భాగం చదివిన తరువాత మీరు:
- స్పామ్ ఫిల్టర్ ఏ ఆధారాలతో నిర్ణయం తీసుకుంటుందో వివరించగలుగుతారు.
- ఫిల్టర్ చేసే రెండు రకాల పొరపాట్ల మధ్య తేడాను గుర్తించగలుగుతారు.
- తప్పుగా ఆగిన ఉత్తరాన్ని వెదికి రాబట్టుకోగలుగుతారు.

7.1 పరిచయం

దూరవిద్య విద్యార్థికి కళాశాల నోటీసు బోర్డు రోజూ కంటపడదు. తరగతుల తేదీలు, ఫీజు గడువు, దరఖాస్తులో లోపాల వంటి సమాచారం తరచుగా ఈ-మెయిల్‌లోనే వస్తుంది. ఆ ఉత్తరం స్పామ్ ఫోల్డర్‌లో పడితే పంపినవారి దృష్టిలో అది చేరినట్టే, మీ దృష్టిలో రానట్టే. గడువు మాత్రం ఎవరి కోసమూ ఆగదు.

మనం కోరకుండానే పెద్ద సంఖ్యలో వచ్చే ఉత్తరాలను స్పామ్ అంటాం. 1978 మే 3న అమెరికాలోని డిజిటల్ ఎక్విప్‌మెంట్ కార్పొరేషన్ ఉద్యోగి గ్యారీ థ్యూర్క్ తమ కంప్యూటర్ల ప్రదర్శనకు ఆహ్వానిస్తూ ఆర్పానెట్‌లో సుమారు 400 మందికి ఒకే సందేశం పంపాడు. దీనినే తొలి స్పామ్‌గా పేర్కొంటారు.

7.2 ఫిల్టర్ ఎలా నిర్ణయిస్తుంది?

ఫిల్టర్ ముఖ్యంగా మూడు విషయాలను పరిశీలిస్తుంది.

అ) పంపినవారి గుర్తింపు: ఒక డొమైన్ పేరుతో ఉత్తరాలు పంపడానికి ఏయే సర్వర్లకు అనుమతి ఉందో ఎస్‌పీఎఫ్ తెలుపుతుంది. డీకిమ్ ఉత్తరానికి డిజిటల్ సంతకం వంటిది. ఈ పరీక్షల్లో నెగ్గని ఉత్తరాన్ని ఏం చేయాలో డొమైన్ యజమాని ఇచ్చే సూచన డీమార్క్. జీమెయిల్ ఖాతాలకు రోజుకు 5,000కు పైగా ఉత్తరాలు పంపేవారికి ఈ మూడూ ఉండాలని గూగుల్ 2024 ఫిబ్రవరి నుంచి నిబంధన పెట్టింది. ఈ ఏర్పాట్లు సరిగా లేని సంస్థ పంపిన నిజమైన ఉత్తరం కూడా ఆగిపోవచ్చు.

ఆ) ఉత్తరంలోని విషయం: ఇక్కడ సంభావ్యత సిద్ధాంతం పనిచేస్తుంది. ఉదాహరణకు, 100 స్పామ్ ఉత్తరాల్లో 40 ఉత్తరాల్లోనూ, 100 మంచి ఉత్తరాల్లో 2 ఉత్తరాల్లోనూ 'బహుమతి' అనే మాట ఉందనుకుందాం. ఆ మాట ఉన్న ఉత్తరాలు మొత్తం 42, అందులో 40 స్పామ్. కాబట్టి ఆ మాట ఉన్న కొత్త ఉత్తరం స్పామ్ అయ్యే అవకాశం సుమారు 95 శాతం. వ్యాసరచన పోటీలో మీకు బహుమతి వచ్చిందని తెలిపే ఉత్తరంలోనూ అదే మాట ఉంటుందని గమనించండి. ఫిల్టర్ ఇలాంటి అనేక సూచనలను కలిపి లెక్కిస్తుంది. అయినా చివరికి మిగిలేది అంచనాయే, నిర్ధారణ కాదు.

ఇ) వినియోగదారుల స్పందన: ఎక్కువమంది స్పామ్ అని ఫిర్యాదు చేసిన చిరునామా నుంచి వచ్చే ఉత్తరాలను ఫిల్టర్ అనుమానిస్తుంది.

7.3 రెండు రకాల పొరపాట్లు

స్పామ్ ఇన్‌బాక్స్‌లోకి రావడం మొదటి రకం పొరపాటు. మంచి ఉత్తరం స్పామ్‌లోకి పోవడం రెండవ రకం. మొదటిదానిని మీరు చూసి తొలగిస్తారు, పోయేది కొన్ని క్షణాలే. రెండవది జరిగినట్టే మీకు తెలియదు, దానివల్ల ఒక విద్యా సంవత్సరమే నష్టపోవచ్చు. జల్లెడ కన్ను చిన్నదైతే పెద్ద రాళ్ళతో పాటు మంచి గింజా ఆగినట్లు, ఫిల్టర్‌ను కఠినం చేసిన కొద్దీ రెండవ రకం పొరపాటు పెరుగుతుంది. అందువల్ల ఫిల్టర్ ఎంత మంచిదైనా చివరి పరిశీలన మీదే.

7.4 మీరు చేయవలసినవి

1. వారానికి కనీసం రెండుసార్లు స్పామ్ ఫోల్డర్ చూడండి. జీమెయిల్‌లో 30 రోజులు దాటిన స్పామ్ దానంతటదే తొలగిపోతుంది.
2. జీమెయిల్‌లో మామూలుగా వెదికితే స్పామ్‌లోని ఉత్తరాలు కనిపించవు. వెదికే పెట్టె పక్కనున్న ఎంపికల్లో 'మెయిల్ అండ్ స్పామ్ అండ్ ట్రాష్' ఎంచుకోండి.
3. పంపినవారి పేరును కాక, పూర్తి చిరునామాను చదవండి. పేరును ఎవరైనా పెట్టుకోవచ్చు. సందేహముంటే ఉత్తరంలోని లింకును నొక్కకుండా సంస్థ వెబ్‌సైట్‌ను మీరే విడిగా తెరవండి.
4. మంచి ఉత్తరమని తేలితే 'నాట్ స్పామ్' నొక్కి, ఆ చిరునామాను కాంటాక్టుల్లో చేర్చండి. ముఖ్యమైన చిరునామాలకు 'నెవర్ సెండ్ ఇట్ టు స్పామ్' అనే నియమం పెట్టుకోండి.
5. మీరే కోరి తెప్పించుకున్న ఉత్తరాలు ఇక వద్దనుకుంటే 'అన్‌సబ్‌స్క్రైబ్' చేయండి. వాటిని స్పామ్ అని గుర్తించవద్దు.

7.5 మీరు పంపిన ఉత్తరం ఆగితే

కొన్ని ఉత్తరాలు స్పామ్ ఫోల్డర్ వరకైనా చేరవు. అవతలి సర్వరే తిరస్కరిస్తుంది. అప్పుడు సాధారణంగా మీకొక తిరుగు సందేశం వస్తుంది. అందులోని సంఖ్య 4తో మొదలైతే అడ్డంకి తాత్కాలికం, సర్వర్ మళ్ళీ ప్రయత్నిస్తుంది. 5తో మొదలైతే తిరస్కరణ శాశ్వతం. చిరునామాలో అక్షరదోషం ఉందేమో, జోడించిన ఫైలు పరిమాణం మించిందేమో చూడండి. జీమెయిల్‌లో ఆ పరిమితి 25 ఎంబీ. విషయం గడిని ఖాళీగా వదలకుండా మీ పేరు, ప్రవేశ సంఖ్య, పని వివరం రాయండి. గడువున్న పని అయితే ఉత్తరం అందిందో లేదో ఫోన్‌లో అడిగి తెలుసుకోండి.

7.6 సారాంశం

ఫిల్టర్ నిర్ణయం సంభావ్యతపై ఆధారపడిన అంచనా. మంచి ఉత్తరం ఆగడం స్పామ్ రావడం కంటే ఎక్కువ నష్టం కలిగిస్తుంది. క్రమం తప్పని పరిశీలన, చిరునామా నిర్ధారణ, ఫిల్టర్‌కు సరైన సూచన ఇవ్వడం ఈ నష్టాన్ని తగ్గిస్తాయి.

మీ ప్రగతిని పరీక్షించుకోండి

1. ఎస్‌పీఎఫ్, డీకిమ్‌ల మధ్య తేడా ఏమిటి?
2. 100 స్పామ్ ఉత్తరాల్లో 30, 100 మంచి ఉత్తరాల్లో 10 ఉత్తరాల్లో ఒక మాట ఉంది. ఆ మాట ఉన్న ఉత్తరం స్పామ్ అయ్యే అవకాశం ఎంత?
3. మీ స్పామ్ ఫోల్డర్ తెరిచి, అందులో తప్పుగా ఆగిన ఉత్తరాలు ఉన్నాయేమో పరిశీలించి, అవి ఆగడానికి గల కారణాలను ఊహించి రాయండి.