సగటు చెప్పని సంగతి

ఆలూరు రాయలసీమలోని మెట్టపొలముల నడుమ నున్న ఊరు. 1953వ సంవత్సరమున ఆంధ్రరాష్ట్ర మేర్పడువఱకు ఇది బళ్లారి జిల్లాలో నుండెను; అప్పుడు కర్నూలు జిల్లాలో చేరెను. ఇచ్చటి మెట్టరైతులకు వానయే ఆధారము. ముంగారు వాన కురిసిన వెంటనే విత్తనము నేలలో పడవలెను. ఎన్నుకొన్న విత్తనము మంచిది కానిచో ఏడాది శ్రమ వ్యర్థమగును, అప్పు మిగులును. కావున 'ఏ విత్తనము మేలు?' అను ప్రశ్న వారికి బ్రదుకుతెరువునకు సంబంధించిన ప్రశ్న.

ఒక రైతు మూడు రకముల వేరుసెనగ విత్తనములను పరీక్షింపదలచె ననుకొందము. అతడు తన చేనిని పండ్రెండు సమానమైన మడులుగా విభజించి, ఒక్కొక్క రకమును నాలుగేసి మడులలో విత్తెను. పంట యింటికి వచ్చిన పిమ్మట కాయలను తూచెను. మొదటి రకము 19, 20, 20, 21 కిలోలు. రెండవది 21, 22, 22, 23 కిలోలు. మూడవది 23, 24, 24, 25 కిలోలు పండినవి. సగటులు వరుసగా 20, 22, 24. మూడవ రకమే మేలని అతడు తలచును.

పొరుగు రైతు కూడ అదే పరీక్ష చేసెను. అతని చేనిలో మొదటి రకము 12, 18, 22, 28 కిలోలు. రెండవది 14, 20, 24, 30 కిలోలు. మూడవది 16, 22, 26, 32 కిలోలు పండినవి. ఇచ్చటను సగటులు 20, 22, 24 మాత్రమే. అయినను ఇతడు మూడవ రకమును నమ్మవచ్చునా? ఒకే రకము ఒక మడిలో 12 కిలోలును, మఱియొక మడిలో 28 కిలోలును పండినది. నేలలోని సారభేదము, తేమ, పురుగు మున్నగునవి ఇంత వ్యత్యాసమును కలిగింపగా, సగటులలోని రెండు కిలోల భేదము విత్తనము వలననే కలిగినదని యెట్లు చెప్పగలము?

ఈ చిక్కును విడదీయు ఉపాయమునే విస్తృతి విశ్లేషణ మందురు. పంటలోని మొత్తము వ్యత్యాసమును రెండు భాగములుగా విడదీయుటయే ఇందలి కీలకము. రకమునకు రకమునకు నడుమ నుండునది మొదటి భాగము. ఒకే రకము వేసిన మడుల నడుమ నుండునది రెండవ భాగము.

మొత్తము పండ్రెండు మడుల సగటు 22. మూడు రకముల సగటులు దానినుండి 2, 0, 2 కిలోల దూరమున నున్నవి. ఈ దూరముల వర్గములు 4, 0, 4. వానిని కూడి, రకమునకు నాలుగు మడులు గనుక నాలుగుచే గుణించినచో 32 వచ్చును. ఇది మొదటి భాగము. రెండు చేలకును సమానమే. ఇక ప్రతి మడియు తన రకపు సగటునుండి ఎంత దూరమున నున్నదో చూచి, ఆ దూరముల వర్గములను కూడవలెను. మొదటి చేనిలో ఈ మొత్తము 6. రెండవ చేనిలో 408.

మొత్తము సగటు తెలిసిన పిమ్మట మూడు సగటులలో రెండే స్వేచ్ఛగా మాఱగలవు. కావున 32ను 2చే భాగింపగా 16 వచ్చును. అట్లే ప్రతి రకమునందును మూడేసి మడులు స్వేచ్ఛగా మాఱగలవు. కావున రెండవ భాగమును 9చే భాగింపవలెను. మొదటి చేనిలో ఫలితము రమారమి 0.67, రెండవ చేనిలో 45.33. ఇప్పుడు 16ను వీనిచే భాగించినచో మొదటి చేనికి 24, రెండవ చేనికి సుమారు 0.35 వచ్చును. ఈ నిష్పత్తికి ఎఫ్ అని పేరు. విత్తనములలో నిజముగా భేదమే లేనిచో, ఇట్టి పరీక్షలో ఈ నిష్పత్తి 4.26ను మించుట నూటికి అయిదు మారులు మాత్రమే జరుగును. కావున మొదటి రైతు సగటులను నమ్మవచ్చును. రెండవ రైతు చేనిలో విత్తనము లన్నియు సమానమని తేలలేదు. ఆ పరీక్ష తీర్పు చెప్పజాలదని మాత్రమే తేలినది.

ఈ పద్ధతిని కనుగొన్నవాడు రొనాల్డ్ ఫిషర్. అతడు 1919లో ఇంగ్లండునందలి రోథాంస్టెడ్ వ్యవసాయ పరిశోధన కేంద్రమున చేరి, అచ్చట అనేక సంవత్సరములుగా నిలువయున్న పంటల లెక్కలను పరిశీలించెను. 1925లో వెలువడిన అతని గ్రంథము ఈ పద్ధతిని లోకమునకు తెలిపెను. ఎఫ్ అను పేరు ఆయన గౌరవార్థమే అమెరికా శాస్త్రజ్ఞుడగు స్నెడెకర్ పెట్టెను. ఏ మడిలో ఏ విత్తనము వేయవలెనో మనుష్యుని ఇష్టమునకు విడువక చీట్లు వేసి నిర్ణయింపవలెనని ఫిషర్ బోధించెను. లేనిచో మంచి నేల యంతయు ఒకే విత్తనమునకు దక్కవచ్చును. అప్పుడు ఎంతటి గణితమైనను సత్యమును చూపజాలదు.

ఫిషర్ వద్ద కేంబ్రిడ్జిలో పరిశోధన చేసి 1948లో డాక్టరు పట్టము పొందిన కల్యంపూడి రాధాకృష్ణరావు తెలుగువాడు. ఆయన 1920లో హడగళిలో జన్మించెను. ఆ కాలమున హడగళియు, ఆలూరును ఒకే బళ్లారి జిల్లాలోనివి. ఆంధ్ర విశ్వకళాపరిషత్తున గణితమభ్యసించిన రావు, ఒకే పర్యాయము అనేక కొలతలను పోల్చునట్లు విస్తృతి విశ్లేషణమును పెంపొందించిన వారిలో ప్రముఖుడు. ఆయన 2023లో పరమపదించెను.

నేడు ఔషధములను, బోధన పద్ధతులను, యంత్రముల పనితీరును పోల్చుటకు సైతము ఈ పద్ధతియే వాడబడుచున్నది. రెండు సగటులు వేఱుగా కనబడినంతనే ఒకటి గొప్పదని, వేఱొకటి తక్కువదని నిశ్చయింపరాదు. ఆ సగటుల వెనుక నున్న అంకెలు ఎంతగా చెదరియున్నవో చూచిన పిదపనే తీర్పు చెప్పుట వివేకము.