మీకు తెలుసా? ‘వచ్చిండాడు’లో ప్రెజెంట్ పర్ఫెక్ట్ ఉంది

ఇంగ్లీషు ప్రెజెంట్ పర్ఫెక్ట్‌లో ‘హాజ్’, ‘హావ్’ దగ్గర పిల్లలు తడబడితే, తెలుగులో అలాంటిది లేదు కాబట్టి రాదని సర్దిచెబుతారు. కలకడ, మదనపల్లె, పుంగనూరు, కుప్పం వైపు ఆ మాట చెల్లదు. అక్కడ ‘మామ వచ్చినాడు’ అంటే వచ్చాడన్న కబురు. ‘మామ వచ్చిండాడు’ అంటే వచ్చి, ఇప్పుడు ఇక్కడే ఉన్నాడని. ‘వచ్చి’కి ‘ఉండాడు’ సహాయక్రియగా అతుక్కుంది. ‘హీ హాజ్ కమ్’లో ‘హాజ్’ చేసే పనీ అదే. పొరుగున తమిళుల ‘వందిరుక్కాన్’, కన్నడిగుల ‘బందిద్దానె’ కూడా ఈ అచ్చులో పోసినవే.

‘హావ్’ అంటే కలిగి ఉండటం కదా, ‘ఉండు’తో పొత్తేమిటని అడగొచ్చు. సబబైన ప్రశ్నే. కానీ 1611 నాటి కింగ్ జేమ్స్ బైబిల్‌లో రావడం, లేవడం లాంటి క్రియలకు ‘ఈజ్ కమ్’, ‘ఈజ్ రిజన్’ అన్న రూపాలు కనిపిస్తాయి. ఆ చోటును ‘హావ్’ తర్వాత ఆక్రమించింది. అసలు తేడా వేరే ఉంది. ‘నిన్ననే వచ్చిండాడు’ అంటే మనకు ఇబ్బంది లేదు. ఇంగ్లీషులో మాత్రం ‘హాజ్ కమ్’ పక్కన ‘యెస్టర్‌డే’ నిలవదు. బడిలో కసరత్తు చేయించాల్సింది అక్కడ. ‘గాన్’, ‘సీన్’ లాంటి మూడో రూపాలు బట్టీ పట్టక తప్పదనుకోండి, అది వేరే సంగతి.